మిద్దె మీది సింగిడి

ఆ ఆదివారం పొద్దున ఇందిరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా మటన్ కూర దించాలి. పన్నెండున్నరకు భర్త పోచయ్యకు కడుపు నిండా పెట్టాలి. ఆయన కూలరు ముందు మంచమెక్కి గుర్రు పెట్టగానే మెట్లెక్కి మిద్దె మీదికి పోవాలి. రెండింటికి ఆమె దొర గడి ముందు నిలబడి పాట పాడాలి. పాట కుదిరితే కాపలావాళ్లు గేటు తీస్తారు. కుదరకపోతే తపన్ చస్తాడు.

తపన్ ఆ మిద్దె మీద కిరాయికుండే ముగ్గురు కుర్రాళ్లలో ఒకడు. బెంగాల్ వాడు. రవూఫ్‌ది జహీరాబాద్, ఓదెలుది కరీంనగర్ దిక్కు. ముగ్గురూ పటేల్‌గూడ పక్కన పెద్ద ఫ్యాక్టరీలో ట్రైనీలు. ఆదివారం సెలవు. సెలవు రోజున మిగతా ట్రైనీలు లింగంపల్లి పోయి సినిమా చూస్తే, వీళ్లు చాప పరుచుకుని ఒక ఆట ఆడేవారు. పంటల పరిశోధన సంస్థలో పనిచేసే విదేశీ సైంటిస్టు కొడుకొకడు క్రికెట్ ఆడేచోట ఓదెలుకు స్నేహితుడై, దేశం విడిచిపోతూ ఆ ఆట పుస్తకాలు, రంగురంగుల పాచికలు ఇచ్చి పోయాడు. ఆటలో బోర్డు లేదు, డబ్బు లేదు. ఓదెలు కథ చెబుతాడు, అందులో శత్రువుల వేషాలన్నీ అతనివే. మిగతావాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని ఆ కథలోకి దిగుతారు. తపన్ యోధుడు, రవూఫ్ మంత్రగాడు. చేసిన పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది, ఇరవై పడితే తిరుగులేదు.

వానాకాలంలో ఒకనాడు మోటారు సంగతి చెప్పడానికి ఇందిరమ్మ పైకి పోతే ముగ్గురూ తలలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లతో ఆడే నాలుగోవాడికి బదిలీ అయిందట. ఇంగ్లీషు పుస్తకంలో వాడి వేషం పేరు బార్డ్. అంటే ఏమిటని ఆమె అడిగింది.

"పాటలు కట్టేటోడు అక్కా," అన్నాడు ఓదెలు. "వాని బలమంత నోట్లె ఉంటది. పాడితె పక్కనున్నోళ్లకు ధైర్నం వస్తది, ఎదుటోనికి మనసు మెత్తవడ్తది. మాటలు చెప్పి ఏడికైన జొర్రుతడు. కొట్లాట వద్దనుకుంటె ఆపుతడు."

ఇందిరమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "గిదే పని నేను పెండ్లయిన కాన్నుంచి చేస్తున్న," అంది. చాప మీద కూర్చుంది.

మనిషిని కల్పించడానికి ఒక పూట పట్టింది. ఒక్కొక్క గుణానికీ మూడేసి మామూలు పాచికలు వేయాలి. బలానికి వేస్తే నాలుగు పడింది. బిందె నిండా నీళ్లు ఒంటి చేత్తో ఎత్తే దానికి నాలుగేమిటని ఆమె కోపగించుకుంటే, అది నీ బలం కాదక్కా, కథలో మనిషి బలం అని రవూఫ్ నచ్చజెప్పాడు. ఆకర్షణకు వేస్తే పద్దెనిమిది పడింది. దానికి ఆమె కొంగు సర్దుకుంది. పుస్తకంలో బొమ్మకు తీగల వాయిద్యం, భుజాన పట్టు శాలువా ఉన్నాయి. ఆమె వాయిద్యం తీసేసి డప్పు పెట్టించింది, శాలువా తీసేసి గొంగడి వేయించింది. పేరు సింగిడి, అంటే ఇంద్రధనుస్సు. కోటలూ బురుజులూ తనకు తెలియవనీ, చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో దొర ఉండే రాతిగోడల గడి మాత్రం చూశాననీ చెప్పింది. ఆమె కోసం ఓదెలు కథనంతా మార్చాడు. కోట గడి అయింది. దుష్ట ప్రభువు దొర అయ్యాడు. ఆ దొర మంత్రమేసి ఊరి వాగును ఒక ఇత్తడి గంగాళంలో బంధించాడు. వాగును విడిపించడం వీళ్ల పని.

భర్తకు మాత్రం పిల్లలకు వంట నేర్పిస్తున్నానని చెప్పింది. సదాశివపేటలో మనవడున్న ఆడది కిరాయిదార్లతో కూర్చుని పాచికలు వేస్తుందని తెలిస్తే పోచయ్య ఆ సాయంత్రానికే గది ఖాళీ చేయించేవాడు. ఇందిరమ్మకు ఆ గది కిరాయి మీద దిగులు లేదు. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమె ఉప్పు సరిపోయిందా అని ఎవరినీ అడగనక్కర లేదు. ఆమె నోరు తెరిస్తే ముగ్గురు మనుషులు కథ ఆపి వింటారు. అట్లా వినే మనుషులు ఆమెకు జీవితంలో ఇంతకుముందు దొరకలేదు. ఆ ఆదివారాలు పోకుండా ఉంటే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర లేదు.

ఆమెకు తెలియనిదల్లా పక్క డాబా సంగతి. అది పోచయ్య చిన్నాయన కొడుకు సంగప్పది. పోయిన ఆదివారం సంగప్ప భార్య లక్ష్మీనరసమ్మ పిట్టగోడ పక్కన ఎండుమిరపకాయలు తిరగేస్తూ ఉంటే కిటికీలోంచి ఓదెలు గొంతు వినిపించింది. గేటు కాడ కాపలోళ్లు ఇద్దరు, వచ్చే ఆదివారం సింగిడక్క పాట అందుకుంటది, గేటు తెరువంగనే తపన్ లోపలికి ఉరుకుతడు, దొర దొరికితె ఇడవద్దు అంటున్నాడు. ఆమె మెడ సాచి చూసింది. చాప మీద గడి పటం, చుట్టూ ముగ్గురు మొగపిల్లలు, నడుమ గొంగడి కప్పుకుని తన తోటికోడలు.

అవి తుపాకులు పట్టి అడవుల్లో తిరిగే అన్నల రోజులు. ఆ ఏడాది పేపర్లన్నీ సర్కారుకూ వాళ్లకూ చర్చలనే వార్తలే. వాళ్ల ప్రతి దళంలోనూ పాటలు కట్టే మనిషి ఒకరు ఉంటారనీ, గొంగడి వేసుకుని డప్పు కొడతారనీ, సొంత పేరు దాచి మరో పేరు పెట్టుకుంటారనీ ఆ చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. లక్ష్మీనరసమ్మ మిరపకాయలు అక్కడే వదిలేసి కిందికి దిగింది. ఒకడు కరీంనగర్ పోరడు, ఒకడు బెంగాల్ పోరడు అని ఆమె చెప్పగానే సంగప్ప నోట్లో ముద్ద ఆగిపోయింది. కిష్టారెడ్డిపేట దిక్కు ప్లాట్ల ధరలు పెరిగాక అతను రెండు కుటుంబాల మెట్ట చెలకల మధ్య హద్దురాయిని రాత్రికి రాత్రి పోచయ్య వైపు జరిపి ఉన్నాడు.

ఈ మాట వారం రోజుల్లో గుసగుసగా వాడ దాటింది. ఎవరూ గట్టిగా అనలేదు. దాంతో అందరూ నమ్మారు.

అందుకే ఈ ఆదివారం ఇందిరమ్మ మసాలా నూరుతుంటే ముసలి ఆగమ్మ కర్ర ఊతంగా వచ్చింది. చెప్పులు వాకిట్లోనే విడిచి, మెట్ల వైపు తిరిగి రెండు చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత ఇందిరమ్మ చెవిలో తన బాధ చెప్పుకుంది. కొడుకులిద్దరూ నెలకొకరు అన్నం పెడతామని ఒప్పుకుని, నెల మారేనాడు ఎవరి వంతో తేలక ఇద్దరూ పెట్టడం మానేస్తున్నారట. పైనున్న పిల్లలతో ఒక్క మాట చెప్పించమని బతిమాలింది. చదువుకున్న పిల్లలు కదా, చెబితే వింటారని ముసలామె ఆశ కాబోలు అనుకుంది ఇందిరమ్మ.

"చెప్పిస్త తియ్ అవ్వా," అంది, రోట్లోంచి చెయ్యి తీయకుండానే. "ఓదెలు ఒక్కసారి చెప్పిండంటె ఎసొంటోడైన దారికొస్తడు."

ఆగమ్మకు అది చాలు. ఇంటికి పోయి కొడుకులతో అదే మాట అదే గొంతుతో చెప్పింది. పెద్దవాడు యాదన్న వెంటనే అన్నం పెట్టాడు. చిన్నవాడు చిన్నరాములు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని సైకిలెక్కి పోలీస్ స్టేషన్ దారి పట్టాడు.

సంగప్ప పదకొండింటికి వచ్చాడు. బుట్టెడు బీరకాయలు తెచ్చాడు. పోచయ్య బర్రెలకు కుడితి పెడుతున్నాడు. హద్దురాయి తెల్లవారుజామున మళ్లీ పాత చోటనే పాతాననీ, పాత చోటు సరిగ్గా గుర్తులేక కొంచెం తన వైపే లోపలికి పాతాననీ, అన్నదమ్ముల మధ్య కొలతలేమిటనీ సంగప్ప ఒక్క ఊపిరిలో చెప్పాడు. రెండేళ్ల నుంచి ఈ రాయి కోసం పెద్దమనుషుల చుట్టూ తిరిగిన పోచయ్యకు కుడితి చెంబు చేతిలో అట్లాగే ఉండిపోయింది.

"ఏమైందిర నీకు?" అన్నాడు.

సంగప్ప అటూ ఇటూ చూసి, బర్రె చాటుకు తీసుకుపోయి చెప్పాడు. "నాకు ఎరుకే అన్నా. వదినె పాటల లీడరట గద. సింగిడి అంటరట. మా పేరు జెర యాది చెయ్యద్దని చెప్పు. నాకు ఇద్దరు ఆడపిల్లలు."

పోచయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. నెల కింద ఆమె పెట్టె అడుగునుంచి అత్తగారి గొంగడి తీసి ఎండకు వేసింది. బియ్యం చెరుగుతూ చాట మీద దరువు వేస్తోంది. మొన్న నిద్రలో "గేటు తియ్యుండ్రి" అంది. వంట నేర్పుతున్నానని చెప్పింది గానీ, నాలుగు నెలలైనా పై గదిలోంచి పోపు వాసన రావడం ఆయన ఒక్కనాడూ ఎరగడు.

ఆ మధ్యాహ్నం పోచయ్య కూరకు వంక పెట్టలేదు. తిన్న పళ్లెం తానే కడిగి బోర్లించాడు. ఇందిరమ్మ ఆశ్చర్యంతో చూస్తుండగానే, మంచమెక్కడానికి బదులు పోయి మిద్దె మెట్ల మీద అడ్డంగా కూర్చున్నాడు. రెండు కావస్తోంది. గొంగడి మడత చంకలో పెట్టుకుని ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది.

"నాకంత తెల్సింది," అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ. "సింగిడి సంగతి."

ఇందిరమ్మ గొంగడిని కొంగు కిందికి తోసింది. ఇక గది ఖాళీ, ఆదివారాలు ఖాళీ. అయినా ఇంత దూరం వచ్చాక దాచేదేముంది అనుకుంది. "తెలిస్తె తెల్సింది. ఎవలకు నష్టం? ఆదివారం ఒక్క పూట. ఇంట్ల ఏ పని ఆగింది?"

"దొరను ఇయ్యాల ఖతం చేస్తరట."

"ఖతం చేసుడెందుకు? నా పాట మంచిగ కుదిరితె వాడే వాగును ఇడిచిపెడ్తడు."

"కుదరకుంటె?"

"తపన్ ఉన్నడు గద."

పోచయ్య మెట్టు అంచు పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, ఇంతకుముందు ఎంతమందిని చంపారని అడిగాడు. ఈ మాత్రం ఆసక్తి చూపించాడని ఇందిరమ్మకు సంతోషం కలిగింది. మనుషులను తక్కువేననీ, గుట్టల కాడ మాత్రం కొందరిని తప్పలేదనీ, అప్పుడు కూడా తాను ముందు మంచి మాటలే చెప్పి చూశాననీ వివరించింది. సరైన లెక్క కావాలంటే ఓదెలును అడగమంది.

"నీకు భయమైతలేదా, ఇందిరా?" అన్నాడు పోచయ్య. ముప్పై ఏళ్లలో ఆయన ఆమెను ఆ మాట అడగడం అదే మొదలు.

"మొదట్ల అయ్యేది," అంది ఆమె. "ఇప్పుడు పాట అందుకుంటె ఏం యాదికుండది. నువ్వు జెర జరుగు, వాండ్లు ఎదురుచూస్తుంటరు."

పోచయ్య జరిగాడు. బలానికి నాలుగే పడ్డ మనిషి ఆయన పక్కనుంచి మెట్లెక్కి పోయింది.

అంతకు కాస్త ముందే స్టేషన్‌లో, పొద్దుటినుంచీ పడిగాపులు పడ్డ చిన్నరాములు తనను వారం రోజులు లాకప్‌లో పెట్టి కాపాడమని ఎస్సై కాళ్లు పట్టుకుని ఉన్నాడు. తల్లికి అన్నం పెట్టనందుకు దళం వస్తుందంటే ఎస్సైకి సగం నమ్మకం కలిగింది, సగం కలగలేదు. చూడకుండా పైఅధికారులకు చెబితే నవ్వుతారు, చెప్పకుండా ఊరుకుంటే ఉద్యోగం పోతుంది. ఇద్దరు కానిస్టేబుళ్లను జీపులో ఎక్కించుకున్నాడు. వీధి మొదట్లోనే జీపు ఆపి, చప్పుడు చేయకుండా మెట్లెక్కారు. మెట్ల కింద కూర్చున్న పోచయ్య లేచి నిలబడి, తనకేమీ తెలియదని ఎవరూ అడగకముందే చెప్పాడు.

తలుపు వారగా వేసి ఉంది. లోపల ఇందిరమ్మ పాట అందుకుంది. స్టీలు పళ్లెం మీద దరువు.

గేటు కాడ తమ్ములారా, జెర నిలువుండ్రి
మీ ఊరి వాగు ఏడవోయె, యాది జేయుండ్రి
గంగాళంల ముడిచిపెట్టిన గంగ ఎవ్వలిది
మీ అవ్వ కడవ నింపి పంపిన తల్లి గాదా అది

తలుపు కాడ నిజంగానే ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉన్నారని ఆమెకు తెలియదు. వాళ్లలో ఒకడిది నారాయణఖేడ్ దిక్కు కరువు ఊరు. వాళ్లమ్మ రెండు కోసుల దూరం నడిచి నీళ్లు తెచ్చేది. మూడో చరణానికి అతను లాఠీ గోడకు ఆనించి కళ్లు తుడుచుకున్నాడు. ఎస్సై కళ్లెర్రజేస్తే, "పాట మంచిగుంది సార్," అన్నాడు మెల్లగా.

లోపల పాట ఆగింది. ఏదో గలగలా దొర్లిన చప్పుడు. తర్వాత మూడు గొంతులు ఒక్కసారిగా ఇరవై అని కేక వేశాయి. ఇరవై మంది ఉన్నారనుకుని ఎస్సై తలుపు తన్ని లోపలికి దూకాడు.

లోపల చేతులెత్తినవాళ్లు నలుగురే. అందులో ఒకామె గొంగడి కప్పుకుని, చెమట కారుస్తూ, చెదిరిన పాచికల వైపు దిగులుగా చూస్తోంది. "పడ్డది ఇరవై సారూ," అంది. "మీరే ఇన్నరు. మళ్ల ఎయ్యమనొద్దు."

ఎస్సై పటం చేతిలోకి తీసుకున్నాడు. ఈ గడి ఎక్కడుందని గద్దించాడు. ఎక్కడా లేదు సార్, నేనే కట్టిన అన్నాడు ఓదెలు.

"దొర ఎవడు?"

"నేనే సార్."

"నిన్ను సంపనీకి నువ్వే ప్లాన్ చెప్తున్నవా?"

"ప్లాన్ వాండ్లదే సార్. నేను సావకుంట సూసుకుంట, అంతే."

తపన్ హిందీలో, రవూఫ్ ఉర్దూలో, ఓదెలు తెలుగులో ఒకేసారి ఆట వివరించారు. ఎస్సై పుస్తకం తిరగేశాడు. తోకలున్న రాక్షసుల బొమ్మలు చూశాడు. పరుపులు ఎత్తించి చూస్తే ఒక పాత లుంగీ, ఊరగాయ సీసా దొరికాయి. అన్నీ అయ్యాక చాప అంచున కూర్చుని మళ్లీ పటం చూశాడు. చూసి చూసి, ఎంత పాట పాడినా ముందు గేటునుంచి పోవడం తెలివి తక్కువ పని అన్నాడు. గడి వెనక బావి ఉంది కదా, నీళ్లు తోడే దారి ఉండి తీరాలి, అక్కడ కాపలా ఎవరూ పెట్టరు, ఇది తన పదిహేనేళ్ల అనుభవం.

ఓదెలు ముఖం పాలిపోయింది. బావి వెనక దారి ఉన్నట్టు అతను ఎవరికీ చెప్పలేదు.

"ముందుగల్ల గేటు తెరువనియ్యుండ్రి సారూ," అంది ఇందిరమ్మ. "ఇరవై పడ్డంక ఎనుక దారేంది? మీరు కూసోండ్రి. ఏమయ్యా, సార్లకు చాయ్ తే," అని మెట్ల కిందికి కేక వేసింది.

పోచయ్య చాయ్ పెట్టడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. అరగంట తర్వాత పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని పైకి పోయాడు. తలుపు దగ్గర ఇద్దరు పోలీసులు కాపలా ఉన్నారు. లోపల పటం చుట్టూ ఎస్సై, ముగ్గురు కుర్రాళ్లు, తన భార్య. ఎస్సై ఆమెతో అంటున్నాడు. "ఇందిరమ్మగారూ, మీ మాట దొర వింటడు. మీరే ముందుండి మాట్లాడాలె. వాగు ఇడిస్తె ప్రాణానికి పూచీ మనది అనుండ్రి."

పోచయ్య గ్లాసులు పెట్టి కిందికి దిగి వచ్చాడు. వీధిలో సగం ఊరు నిలబడి ఉంది. పైన ఏమవుతోందని సంగప్ప అడిగాడు. చూసింది చూసినట్టే చెప్పాడు పోచయ్య. పటం పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు, ఎస్సై తన భార్యను గారు అని పిలుస్తున్నాడు అని. చర్చలు హైదరాబాదులో అన్నారు గదా అని ఎవరో సందేహపడితే, పెద్ద సంగతులు ముందు ఇట్లాంటి చోటనే మాట్లాడతారని లక్ష్మీనరసమ్మ తేల్చేసింది.

ఐదింటికి వాగు విడుదలైంది. గంగాళం పగిలి నీళ్లు గడి గేటునుంచి ఊళ్లోకి పారుతున్నాయని ఓదెలు చెబుతుంటే కరువు ఊరి కానిస్టేబుల్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఇందిరమ్మ గొంగడి మడిచి కిందికి వచ్చింది. వాకిట్లో జనం దారి ఇచ్చారు. విషయం అర్థమయ్యాక ఆమె సిగ్గుతో, నవ్వుతో, అది ఆట అని అందరికీ చెప్పింది. పాచికలు చూపించింది. అందరూ తలలూపారు.

"అట్లనే చెప్పాలె అక్కా," అంది లక్ష్మీనరసమ్మ ఆమె చేయి నొక్కుతూ. "మేం ఎవలకు చెప్పం."

ఆగమ్మ కొడుకులు ఆ రాత్రినుంచి ఇద్దరూ అన్నం తెచ్చి పెట్టసాగారు, ముసలామె ఎవరిది ముందు తినాలో తెలియక అవస్థ పడింది. హద్దురాయి సంగప్ప పాతిన చోటనే ఉండిపోయింది. పోచయ్యకు మాత్రం ఇందిరమ్మ మంచం దగ్గర కూర్చుని మొదటినుంచీ చివరిదాకా, సింగిడి పుట్టుక దగ్గరనుంచి మొత్తం చెప్పింది. ఆయన అలవాటుగా మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, గది ఖాళీ చేయించే మాట ఎత్తకుండా, దొర ఏమయ్యాడని అడిగాడు. ఇప్పుడే చెబితే ఎట్లా, వచ్చే ఆదివారం తెలుస్తుంది అంది ఆమె.

ఆ తర్వాతి ఆదివారం రెండింటికి మఫ్టీలో ఎస్సై వచ్చాడు. ఆడాలంటే మీరూ ఒక మనిషిని కల్పించుకోవాలి సార్ అని ఓదెలు పుస్తకంలోని వేషాలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఎస్సై లేచి తలుపు గడియ పెట్టి వచ్చి, దొంగ వేషం కావాలన్నాడు.